రాజమండ్రి నుంచి రాజ్యాంగ సభ దాకా: దుర్గాబాయి దేశ్‌ముఖ్

జాతీయ రాజకీయాల్లో పనిచేసిన స్త్రీల పేర్లు చెప్పమంటే మన బడిలో ఏ తరగతిలోనైనా ఇందిరాగాంధీ, సరోజినీ నాయుడు పేర్లు ముందు వినిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ పిల్లలు వెంటనే మినీమాత పేరు కలుపుతారు. హస్‌దేవ్ నది మీద బాంగో ఆనకట్టకు ఆమె పేరే పెట్టారు కనుక ఆ పేరు వాళ్ల చెవిన చిన్నప్పుడే పడుతుంది. తెలుగు ఇళ్ల నుంచి వచ్చే పిల్లల్ని మన వైపు నుంచి ఒక్క పేరు చెప్పమంటే మాత్రం పక్కవాళ్ల ముఖం చూస్తారు. వాళ్ల కోసమే ఈ సంచికలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాస్తున్నాం.

ఆమెనే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ వ్యాపార్ విహార్ చుట్టుపక్కల, రైల్వే కాలనీల్లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో మూడు నాలుగు భాషలు కలిసి కాపురం చేస్తుంటాయి. అమ్మతో తెలుగు, వీధిలో హిందీ, కూరలమ్మితో ఛత్తీస్‌గఢీ, తరగతిలో ఇంగ్లీషు. ఇన్నింటి మధ్య తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాని పిల్లలు చాలామంది తయారవుతున్నారు. ఉద్యోగరీత్యా మేము ఎన్ని ఊళ్లు మారినా ఇదే చూస్తున్నాం. పిల్లవాడికి హిందీ బాగా వస్తే తెలుగు పోతుందని కొందరు తల్లిదండ్రులు దిగులుపడతారు. తెలుగు మీద సమయం పెడితే ఇంగ్లీషు వెనకబడుతుందని మరికొందరు భయపడతారు. దుర్గాబాయి గారి జీవితంలో ఈ మూడు భాషలూ ఉన్నాయి. వాటితో ఆమె ఎలా నెగ్గుకొచ్చారో మన పిల్లలకు తెలియాలి.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తల్లి కృష్ణవేణమ్మ గారు, తండ్రి రామారావు గారు. ఆ కాలపు ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే ఒక జమీందారీ కుటుంబంలోని సుబ్బారావు గారితో పెళ్లి చేశారు. ఎనిమిదేళ్లంటే మన మూడో తరగతి పిల్ల. ఊహ తెలిసిన తరువాత ఆ పెళ్లిలో తాను ఉండలేనని ఆమె స్వయంగా భర్తకు చెప్పి, ఆయనను మరొకరిని పెళ్లి చేసుకోమన్నారు. వంద సంవత్సరాల కిందట గోదావరి జిల్లాలో ఒక ఆడపిల్ల ఈ మాట అనడం, పుట్టింటివారు ఆమె పక్కన నిలబడడం రెండూ అరుదైన సంగతులే. బాల్యవివాహాల మీద ఆమె తరువాత పుస్తకం చూసి నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

బడిలో కూడా ఇలాంటిదే జరిగింది. పాఠాలు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టేసరికి, పన్నెండేళ్లు నిండీ నిండక ముందే, అందుకు నిరసనగా బడి మానేశారు. (ఇది చదివి ఎవరూ బడి మానేయకండి. ఆమె తరువాత ఎంత చదివారో ముందు ముందు చెబుతాం.) మానేసి ఊరికే కూర్చోలేదు. తాను హిందీ నేర్చుకుని ఆడపిల్లలకు హిందీ చెప్పే పాఠశాల ఒకటి మొదలుపెట్టారు. దాని పేరు బాలికా హిందీ పాఠశాల. ఇంగ్లీషు మీద అలిగిన పిల్ల తెలుగుతోనే ఆగక హిందీ ఎందుకు పట్టుకుందని మీరు అడగవచ్చు. దేశమంతా తిరిగే ఉద్యమంలో పక్క రాష్ట్రం మనిషితో మాట్లాడాలంటే ఒక భాష కావాలి. గాంధీగారు అప్పటికే దక్షిణాదిలో హిందీ ప్రచారం మొదలుపెట్టి ఉన్నారు. దుర్గాబాయికి అందులో ఎవరి బలవంతమూ కనిపించలేదు, ఇష్టపడి నేర్చుకున్నారు. ఈ ఇష్టం, బలవంతం అనే తేడాను గుర్తుంచుకోండి, పాతికేళ్ల తరువాత ఢిల్లీలో మళ్లీ వస్తుంది.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఆ ఊళ్లో దేవదాసీలు, పరదా దాటి బయటికి రాని ముస్లిం స్త్రీలు ఉండేవారు. పెద్ద బహిరంగసభకు వాళ్లు రాలేరు, వచ్చినా వాళ్లను పలకరించేవారు లేరు. వాళ్ల కోసం విడిగా ఒక చిన్న సభ ఏర్పాటు చేయాలని దుర్గాబాయి పట్టుబట్టారు. నిధికి ఐదు వేల రూపాయలు సమకూర్చి ఇస్తే గాంధీగారి సమయంలో ఐదు నిమిషాలు ఇప్పిస్తామని నిర్వాహకులు షరతు పెట్టారు. పన్నెండేళ్ల పిల్ల వల్ల ఏమవుతుందిలే అని కాబోలు. ఆ రోజుల్లో ఐదు వేలంటే చిన్న మొత్తం కాదు. ఆమె వెళ్లి అడిగింది ఆ దేవదాసీలనే. వాళ్లే ఆ డబ్బు కూడబెట్టారు. సభ జరిగింది. ఐదు నిమిషాలని వచ్చిన గాంధీగారు ఆ లెక్క మరిచిపోయి అక్కడే ఉండిపోయారు. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి నిధికి ఇచ్చారు. దుర్గాబాయి తన చేతి బంగారు గాజులు ఇచ్చేశారు.

ఆ సభలో గాంధీగారి హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది ఆమే. విని గాంధీగారికి ముచ్చటేసి, తరువాత జరిగిన పెద్ద సభలో కూడా ఆమే అనువదించాలని కోరారు. అప్పటివరకు ఆ పని చేస్తూ వచ్చినవారు దేశభక్త కొండా వెంకటప్పయ్య గారు. వయసులో, అనుభవంలో ఆయనకూ ఈ పిల్లకూ పోలికే లేదు. వేలమంది ముందు నిలబడి ఒక భాషలో విన్నది వెంటనే ఇంకో భాషలో చెప్పడం ఎంత కష్టమో మన ప్రార్థనా సమావేశంలో ఒక్కసారి ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. దుర్గాబాయి జీవితం రాసిన చాలామంది ఈ ఘట్టంలో గాజులు ఇవ్వడాన్నే గొప్పగా చెబుతారు. తెలుగు ఉపాధ్యాయులం కనుక మాకు మాత్రం ఆ అనువాదమే పెద్దదిగా కనిపిస్తుంది. రెండు భాషలు బాగా వచ్చిన పిల్ల పెద్దలు కూర్చున్న వేదిక ఎక్కగలిగిందంటే అది ఆ రెండు భాషల చలవే.

రెండేళ్ల తరువాత, 1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షులు. అక్కడి ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర దుర్గాబాయిని కాపలాకు నిలబెట్టారు. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చేసరికి ఆయననూ ఆపేశారు. నిర్వాహకులు కంగారుపడి పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చిన తరువాతే వదిలారు. ఆమెను కోప్పడినవారు ఉన్నారు, నెహ్రూ మాత్రం మెచ్చుకున్నారు. ఈ కథ పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది కనుక ఇంతకన్నా సాగదీయం.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు గారు నడిపిన ఉద్యమంలో దుర్గాబాయి ముందు వరుసలో ఉన్నారు. ఆయన అరెస్టయ్యాక బాధ్యత ఆమె మీద పడింది. 1930 నుంచి 1933 లోపు మూడుసార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు, మదురై జైళ్లలో గడిపారు. మదురైలో ఆమెను ఏకాంత ఖైదులో, ఉరిశిక్ష పడిన ఖైదీల గదులకు దగ్గరగా ఉంచారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

జైల్లో ఆమె చూసినది ఇంకొకటి ఉంది. తమ మీద ఏ నేరం మోపారో, దానికి ఏం జవాబు చెప్పుకోవాలో కూడా తెలియని పేద స్త్రీలు అక్కడ శిక్ష అనుభవిస్తున్నారు. చదువు లేదు, వకీలు లేడు. బయటికి వెళ్లాక తాను న్యాయశాస్త్రం చదవాలని ఆమె అక్కడే నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆమె చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్ కూడా లేదు. వయసు ఇరవై నాలుగు.

విడుదలయ్యాక ఉద్యమాన్ని పక్కన పెట్టి పుస్తకాలు పట్టుకున్నారు. పన్నెండేళ్లప్పుడు వదిలేసిన ఇంగ్లీషును ఇప్పుడు మొదటి నుంచి నేర్చుకున్నారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కట్టి ఉత్తీర్ణులయ్యారు, తరువాత ఇంటర్మీడియట్. రాజనీతిశాస్త్రంలో బి.ఎ. ఆనర్సు చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. స్త్రీలకు హాస్టల్ లేదు కనుక చేర్చుకోవడం కష్టమని అక్కడ చెప్పారు. దుర్గాబాయి తిరిగి వెళ్లిపోలేదు. చదువుకోవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. రాసినవారిని కూడగట్టి వాళ్లతో తానే ఒక హాస్టల్ మొదలుపెట్టారు. హాస్టల్ వచ్చాక సీటు ఇవ్వక తప్పలేదు. ఆమె ఒక్కరి సీటు కోసం మొదలైన ఈ పని వల్ల మిగతా పిల్లలకు కూడా చదువు దొరికింది. విశాఖ వెళ్లే కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో సెలవులకు వెళ్లే మన పిల్లలు ఈసారి ఆ విశ్వవిద్యాలయం వైపు వెళితే ఈ సంగతి తలచుకోండి.

ఆనర్సు మొదటి తరగతిలో పూర్తి చేసి, మద్రాసులో లా చదివి, 1942లో పట్టా తీసుకుని అక్కడే వకీలుగా పనిచేశారు. జైల్లో అనుకున్న మాట తొమ్మిదేళ్లకు తీరింది.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. దాని తొలి రూపం చాలా చిన్నది. తనలాగే మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలను, వితంతువులను, భర్తలు వదిలేసినవారిని కూర్చోబెట్టి బనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. తాను ఏ దారిన నడిచి వచ్చారో అదే దారి వాళ్లకు చూపించారు. క్రమంగా దానికి వృత్తివిద్య, వైద్యశాల, పత్రిక, కళాశాలలు కలిశాయి. హైదరాబాదు విద్యానగర్‌లో ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి ఈ సంస్థదే. ఉస్మానియా ఆవరణలోని ఆంధ్ర మహిళా సభ మహిళా కళాశాల కూడా అంతే.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభలో మొత్తం స్త్రీలు పదిహేను మంది. సభ రికార్డుల్లో ఆమె పేరు జి. దుర్గాబాయి అని ఉంటుంది. ఇంటిపేరు గుమ్మిడిదల. అధ్యక్షులు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆమె. స్త్రీల విషయాలు వచ్చినప్పుడు మాత్రమే లేచి మాట్లాడే సభ్యురాలు కారు. న్యాయస్థానాలు, ఎన్నికలు, ఆస్తిహక్కులు, పిల్లల రక్షణ అన్నిటి మీదా సవరణలు ఇచ్చారు.

వాటిలో రెండు చెబుతాం. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై ఐదు ఉండాలన్న ప్రతిపాదన మీద, దాన్ని ముప్పైకి తగ్గించాలని ఆమె కోరారు. సభ ఒప్పుకుంది. ఈ రోజుకీ అది ముప్పై ఏళ్లే. రెండోది పైకి చూస్తే వ్యాకరణం వ్యవహారంలా ఉంటుంది. ప్రజలందరివీ అయిన హిందూ ఆలయాల్లోకి ప్రవేశం కల్పించే చట్టాలు ప్రభుత్వం చేయవచ్చని ముసాయిదాలో ఒక వాక్యం ఉంది. అందులో హిందువుల్లో ఏదైనా ఒక తరగతికి లేదా వర్గానికి అనే అర్థం వచ్చే మాట ఉంది. దాని స్థానంలో అన్ని తరగతులకు, అన్ని వర్గాలకు అని ఉండాలని దుర్గాబాయి సవరణ ఇచ్చారు. ఏదైనా ఒకటి అంటే ఒకరికి తెరిచి మరొకరిని బయట నిలబెట్టే వీలు ఉంటుంది. అన్ని అంటే ఆ వీలు పోతుంది. ఇరవై ఐదో అధికరణంలో ఇప్పుడు ఉన్నది అన్ని అనే మాటే. పరీక్షలో విశేషణాల ప్రశ్న వచ్చినప్పుడు ఒక్క మాటతో ఏం తేడా వస్తుందని విసుక్కునే పిల్లలకు మేము ఇక ఈ ఉదాహరణే చెబుతాం.

భాష గురించి చర్చ 1949 సెప్టెంబరులో తారస్థాయికి చేరింది. సెప్టెంబరు 14న హిందీని కేంద్ర అధికార భాషగా సభ స్వీకరించింది. మన బడిలో ప్రతి ఏడాది ఆ రోజున జరిపే హిందీ దివస్‌కు మూలం అదే. హిందీ బడి నడిపి, గాంధీగారి హిందీని తెలుగు చేసిన మనిషి ఆ చర్చలో కళ్లు మూసుకుని తల ఊపి ఉంటారనుకుంటాం. ఆమె అలా చేయలేదు. హిందీ, ఉర్దూ రెండింటినీ కలుపుకున్న హిందుస్తానీ కావాలన్నారు. దక్షిణాదివాళ్లు తమంతట తాము ఉత్సాహంగా హిందీ నేర్చుకున్నారని, ఇప్పుడు ఉత్తరాదిలో కొందరు చేస్తున్న దూకుడు ప్రచారం ఆ ఉత్సాహాన్ని చంపేస్తోందని సభకు చెప్పారు. మార్పుకు పదిహేనేళ్ల గడువు ఉండాలన్నారు. గడువు సంగతి రాజ్యాంగంలోకి వచ్చింది, హిందుస్తానీ మాత్రం రాలేదు. హిందీ ద్వేషి ఈ మాట అంటే కొట్టిపారేయవచ్చు. పన్నెండేళ్ల వయసులో హిందీ బడి పెట్టిన మనిషి అంటే వినాలి. భాషను ప్రేమించేవాళ్లే ఆ భాష పేరుతో జరిగే తొందరపాటును ఆపగలరని మా నమ్మకం. దీని మీద మా తోటి హిందీ ఉపాధ్యాయులతో స్టాఫ్ రూములో చాలా టీలు అయ్యాయి.

ఆ చర్చలు జరుగుతున్న కాలంలోనే, 1948లో, ఢిల్లీలో ఆమె ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం రాజధానికి వచ్చిన తెలుగువాళ్ల పిల్లలు అక్కడ తమ భాష చదువుకోవడానికి బడి లేదు. సొసైటీ బడులు ఇప్పటికీ ఢిల్లీలో నడుస్తున్నాయి. ఒక చేత్తో దేశానికి ఉమ్మడి భాష గురించి వాదిస్తూ, ఇంకో చేత్తో సొంతూరికి దూరంగా ఉన్న పిల్లలకు అక్షరాలు దిద్దించే ఏర్పాటు చేశారు. బిలాస్‌పూర్‌లో ఉన్న మనకు ఆమె చేసిన అన్ని పనుల్లోకి ఇదే దగ్గరిది.

1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. రాజ్యాంగం రాసిన చేతులకు ఓటర్లు ఓటు వేయలేదు. అదీ ఆమె రాసిన రాజ్యాంగం ఇచ్చిన హక్కే. నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. నెహ్రూ సాక్షి సంతకం పెట్టారు. దేశ్‌ముఖ్ గారు రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, మరాఠీ ఇంట పుట్టినవారు, కాళిదాసు మేఘదూతాన్ని మరాఠీలోకి తెచ్చిన సంస్కృత పండితులు. ఆ ఇంట్లో కూడా ఒక్క భాషతో పని జరగలేదన్నమాట.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆమె తొలి అధ్యక్షురాలు. స్త్రీలు, పిల్లలు, వికలాంగుల కోసం ఊరూరా పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు అందించడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. అంతవరకు ఇలాంటి పని చందాల మీద, దాతల దయ మీద నడిచేది. ప్రభుత్వ ప్రణాళికలో దానికి ఒక పద్దు రావడమే కొత్త. బోర్డు 1958లో ప్రారంభించిన పథకాల్లో ఒకటి, చిన్నప్పుడు చదువు మానేసిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షలకు తర్ఫీదు ఇవ్వడం. మద్రాసు ఆంధ్ర మహిళా సభలో గుప్పెడు మందితో మొదలైన తరగతే దేశమంతటికీ పథకమైంది. మనం ముందే చూశాం, ఆ తరగతికి మూలం జైలు నుంచి వచ్చి మెట్రిక్‌కు కూర్చున్న ఆ ఇరవై నాలుగేళ్ల మనిషి.

అదే 1958లో స్త్రీ విద్య మీద కేంద్రం నియమించిన జాతీయ కమిటీకి అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాది వచ్చిన నివేదిక, ఆడపిల్లల చదువును మిగతా విద్యలో కలిపేసి ఊరుకోకుండా ప్రత్యేక సమస్యగా చూడాలని, దానికి విడిగా నిధులు ఉండాలని కోరింది. ఆ తరువాత ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా మండలికి కూడా ఆమే తొలి అధ్యక్షురాలు.

బహుమతులు, బిరుదులు చాలా వచ్చాయి. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ ఒకే ఏడాది వచ్చిందన్నది మాత్రం చెప్పి వదిలేస్తాం. ఆత్మకథకు చింతామణ్ అండ్ ఐ అని పేరు పెట్టారు, ఇంగ్లీషులో రాశారు. బడి మాన్పించిన ఇంగ్లీషుతో రాజీ అక్కడికి పూర్తయింది. 1981 మే 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశ్‌ముఖ్ గారు కూడా పోయారు. ఢిల్లీ మెట్రో పింక్ లైనులో సౌత్ క్యాంపస్ స్టేషనుకు ఇప్పుడు ఆమె పేరు ఉంది.

ఒక పని ఆమె పోయేనాటికి ఇంకా మిగిలి ఉంది. చైనా వెళ్లినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలను విడిగా విచారించే పద్ధతి చూసి వచ్చారు. భార్యాభర్తల గొడవలు, పిల్లల పోషణ వంటివి దొంగతనాల కేసులు, భూముల కేసుల మధ్య నలిగిపోకూడదని, వాటికి వేరే న్యాయస్థానాలు కావాలని ఇక్కడి న్యాయమూర్తులతోనూ నెహ్రూతోనూ మాట్లాడారు. ఆ మాట చట్టం కావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. మన బిలాస్‌పూర్‌లో కూడా ఇప్పుడు అలాంటి న్యాయస్థానం ఉంది.